ఎకరంన్నర మడుగుకి రాతిగట్టు కడతారట: తూనీగల కోసం ఏం అడగాలి, లెక్క ఎలా పెట్టాలి?

మధురవాడ_మడుగు
అందరికీ నమస్కారం. విశాఖలో కంబాలకొండ వాలు నీళ్లు దిగే చిన్న గెడ్డ (వాగు) మీద, లేఅవుట్ల మధ్య ఎకరంన్నర మడుగు ఒకటి ఉంది. కంచె వేసి పక్షులకని వదిలేశారు. మూడొంతుల గట్టు మట్టిదే. ఒక మూల జమ్ము, ఇంకో మూల కలువలు, గెడ్డ నీరు దిగేచోట గుర్రపుడెక్క. ఇప్పుడు సుందరీకరణ కింద చుట్టూ రాతి కట్టడం, నడకదారి, లైట్లు, మధ్యలో ఫౌంటెన్, దోమలకి గాంబూసియా చేపలు అని ప్లాన్ తయారైంది. అభ్యంతరాలు రాసివ్వడానికి కొంత గడువు ఉంది. "ప్రకృతిని కాపాడండి" అని రాస్తే ఎవరూ చదవరు. కొలతలతో రాయాలి. తూనీగల లెక్క కూడా జత చేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి మాస్టార్లూ.

లకుముకి
ముందు జాతుల జాబితా తయారు చెయ్యండి. వానలు తగ్గాక ఒక ఎండ పూట తిరిగితే ఇరవైకి పైగా దొరకొచ్చు. తూనీగలు ఎక్కువుంటే నీరు శుభ్రంగా ఉన్నట్టే కాబట్టి ఆ ఒక్క మాటే బలమైన వాదన అవుతుంది.

గెడ్డవార
లకుముకి గారూ, ఆ చివరి మాట మాత్రం అర్జీలో పెట్టొద్దు. అవతలివాళ్లలో తెలిసినవాడు ఒక్కడున్నా అక్కడే పట్టుకుంటాడు. డిచ్ జ్యువెల్ అనే తూనీగ మురుగు కలిసిన నీటిలోనే బాగా పెరుగుతుంది. మగదాని రెక్కల్లో నారింజ రంగు మచ్చ రెక్క చివరికి దగ్గర దాకా ఉంటుంది. ఆడది పేలవమైన పసుపు. నగరంలో మురుగు కలిసే ఏ గెడ్డ పక్కన నిలబడినా ఇవి వందల్లో కనిపిస్తాయి. గట్టంతా అవే కనిపించి, సన్న తూనీగలు, అంటే డామ్సెల్‌ఫ్లైలు, అరుదుగా ఉంటే ఆ నీటిలో మురుగు ఎక్కువైందని అనుమానించాలి. కాబట్టి ఎన్ని తూనీగలు అన్నది కాదు, ఏవి, ఏ పాళ్లలో అన్నదే చూడాలి.

ఇంకో సంగతి. మడుగు మీద ఎగిరినవన్నీ ఆ మడుగువి కావు. ఆగస్టు నుంచి నవంబరు దాకా మైదానాల మీద, రోడ్ల మీద గుంపులుగా తిరిగే బంగారు రంగు తూనీగ పాంటలా, అదే గ్లోబ్ స్కిమ్మర్. అది దారిన పోయే బాటసారి. మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా దాకా పోతుందని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త అక్కడి రాకపోకల లెక్కలతో ప్రతిపాదించారు. పోయి రావడం ఒకే తూనీగ చేసేది కాదు, తరాలు మారతాయి. వానకి నిలిచిన గుంటలో కూడా ఆరేడు వారాల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా వచ్చేస్తుంది. వెయ్యి పాంటలాలు ఎగిరాయని రాస్తే "అవి ఎక్కడైనా ఎగురుతాయి కదా" అంటారు. నిజమే కూడా.

ఆ మడుగులోనే పుట్టి పెరిగిందని చూపించేది కుబుసం ఒక్కటే. లార్వా, అంటే నీళ్లలో పెరిగే పిల్ల పురుగు, నీళ్లలోంచి కాడ ఎక్కి, వీపు చీల్చుకుని బయటికి వచ్చాక వదిలేసిన పొట్టు అది. దానితో వాదించడానికి ఎవరికీ ఏమీ ఉండదు. నా సలహా: ఎగిరేవాటి లెక్క ఒకటి, కుబుసాల లెక్క ఒకటి, రెండూ విడివిడిగా పెట్టండి. రెండోదే ముఖ్యం.

లకుముకి
ఒప్పుకున్నాం గురువుగారూ. పక్షుల పక్కనుంచి ఒక్క మాట కలుపుతా. నీలితోక పసిరిక పిట్టలు కంచె తీగ మీద కూర్చుని పట్టేవాటిలో తూనీగలు బాగా ఉంటాయి. అమూర్ డేగలు ఆఫ్రికా వెళ్లేటప్పుడు సముద్రం మీద ఈ పాంటలాలనే తింటూ పోతాయని చాలామంది నమ్మకం. పక్షుల కోసం వదిలిన మడుగు అన్నారు కాబట్టి ఈ ముడి అర్జీలో ఒక వాక్యంగా పనికొస్తుంది.

మధురవాడ_మడుగు
కుబుసాలు ఎక్కడ వెతకాలి? జమ్ములోకి దిగాలా?

గెడ్డవార
దిగొద్దు. దిగితే కాడలు విరుగుతాయి, కుబుసాలు రాలిపోతాయి. గట్టు మీద నుంచి చెయ్యి అందేంత మేరే చూడండి. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది లోపు. ఎక్కువ జాతులు రాత్రో తెల్లవారుజామునో బయటికి వస్తాయి కాబట్టి గాలి లేవకముందే పట్టుకోవాలి. పెద్దవాన పడితే ముందు రోజులవన్నీ కొట్టుకుపోతాయి. వాన వెలిశాక రెండు మూడు పొడి రోజులు గడవనివ్వండి.

సన్న తూనీగలవి నీటికి జానెడు లోపే ఉంటాయి. తుంగ పరకల మీద, కలువ ఆకు అంచున, తేలే పుల్లల మీద. చాలా చిన్నవి, గడ్డి పొట్టు అనుకుని వదిలేస్తాం. పెద్ద తూనీగలవి 10 నుంచి 60 సెం.మీ. ఎత్తులో, జమ్ము ఆకు కింది వైపున. ఆకుని నెమ్మదిగా ఇటు తిప్పి చూడాలి. సిమెంటు తొట్లు, తూము గోడలు వదలొద్దు. గ్రానైట్ ఘోస్ట్ అనే బూడిద రంగు మచ్చల తూనీగ అలాంటి చోట్లే పెరుగుతుంది. అది గోడ మీద వాలితే గోడకీ దానికీ తేడా తెలియదు.

దొరికినదాన్ని కాడతో సహా కత్తిరించండి. లాగితే కాళ్లు ఊడతాయి. అగ్గిపెట్టెలో దూది లేకుండా వేసి, తేదీ, గట్టు ముక్క నంబరు, నీటికి ఎంత ఎత్తు, ఏ మొక్క, ఇవి పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే వెయ్యండి. పెన్ను సిరా తేమకి చెదిరిపోతుంది. పెట్టెలన్నీ మూతగట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. విశాఖ గాలికి రెండు వారాల్లో బూజు పట్టేస్తుంది.

కుటుంబం తేల్చడం అంత కష్టమేం కాదు. ముందు వేడినీళ్లలో కాసేపు నానబెడితే మెత్తబడుతుంది. తోక చివర ఆకుల్లాంటి మూడు రేకులుంటే సన్న తూనీగ. అవి ఒక్కోసారి ఊడిపోయి ఉంటాయి, అప్పుడు సన్నటి ఒళ్లు చూసి తేల్చాలి. రేకులు లేకుండా చివర చిన్న ముళ్ల కొస మాత్రమే ఉంటే పెద్ద తూనీగ. అప్పుడు తల కింద మడిచి ఉన్న దవడ తొడుగు చూడండి. ముఖానికి మాస్కు పెట్టినట్టు చెంచాలా గుంటగా కప్పి ఉంటే మన మడుగుల్లో అది చాలావరకు స్కిమ్మర్ల కుటుంబం. బల్లపరుపుగా ఉండి, మీసాలు పొట్టిగా, లావుగా, నాలుగే కణుపులతో ఉంటే క్లబ్‌టెయిల్. బల్లపరుపుగానే ఉండి మీసాలు సన్నని దారాల్లా ఉంటే ఏనాక్స్ వర్గం. లోపల తెల్లటి దారాలు వేలాడితే కంగారొద్దు, అవి పాత శ్వాసనాళాల పొరలు.

నిర్వాహకుడు
ఒక గమనిక. కంబాలకొండ అభయారణ్యం హద్దు లోపల ఏ జీవినైనా, దాని భాగాన్నైనా అటవీశాఖ అనుమతి లేకుండా సేకరించకూడదు. కుబుసం కూడా అందులోకే వస్తుందనుకుని నడుచుకోండి. మడుగు హద్దు బయట ఉందా లోపల ఉందా ముందు తేల్చుకోండి. లోపలైతే ఫొటో తీసి అక్కడే వదిలేయండి.

మధురవాడ_మడుగు
హద్దు బయటే అండి. అయినా ఈ స్థలం చూసేవాళ్ల దగ్గర ఒక కాగితం తీసుకుంటాం.

ఎండాడ_కెమెరా
ఎగిరేవాటి లెక్కకి నేను వాడే పద్ధతి ఇది. గట్టుని 50 మీటర్ల ముక్కలుగా విడగొట్టి మేకులకి రంగు రిబ్బను కట్టాలి. ప్రతి ముక్కకీ ఆరు నిమిషాలు. నీటి వైపు 3 మీటర్లు, గట్టు వైపు 2 మీటర్లు, అంతవరకే లెక్క. వెనక్కి నడిచేటప్పుడు లెక్కపెట్టకూడదు. ఎండ ఉండాలి, గాలికి జమ్ము ఆకులు ఊగుతూనే ఉంటే ఆ రోజు మానెయ్యడమే. సముద్రపు గాలి పదకొండు దాటాక ఊపందుకుంటుంది కాబట్టి తొమ్మిదిన్నరకి మొదలెట్టి పదకొండుకి ముగించడం మేలు. రెండు వారాలకోసారి. నడిచేది ఒకరు, రాసేది ఒకరు.

ఉత్త సంఖ్య సరిపోదు. మగ, ఆడ, జత కట్టినవి, గుడ్లు పెడుతున్నవి, అప్పుడే బయటికి వచ్చినవి, ఇలా గళ్లు గీసుకోండి. అప్పుడే వచ్చినదాన్ని రెక్కల మెరుపుతో పోల్చుకోవచ్చు, కొత్త పాలిథిన్ కవరులా తళతళలాడతాయి. దాన్ని వేలితో ముట్టుకోవద్దు. రెక్క అప్పటికింకా గట్టిపడి ఉండదు, వంగితే అలాగే ఉండిపోతుంది.

బైనాక్యులర్ 8x32 చాలు కానీ రెండు మీటర్ల లోపు ఫోకస్ అయ్యేది చూసుకోండి. పక్షుల కోసం కొన్న పాతవి చాలావరకు నాలుగైదు మీటర్ల దగ్గర ఆగిపోతాయి.

జమ్ముపొద
గట్టు మీద గడ్డిలో రక్తపింజరి ఉండే అవకాశం బాగా ఉంది. మోకాలి దాకా రబ్బరు బూట్లు, చేతిలో కర్ర. నీళ్లలో కనిపించే గళ్ల నీరుకట్టుకి విషం లేదు గానీ కోపమెక్కువ.

మధురవాడ_మడుగు
ఎర్రవి మూడు రకాలు కనిపిస్తున్నాయి, ఫొటోలు ఎక్కించాను. మూడూ ఒకటేనా?

గెడ్డవార
మూడూ వేరు.

మొదటి ఫొటో, నెత్తుటి ఎరుపు, కాళ్లు కూడా ఎర్రగానే, తోక పైన నిలువునా సన్నటి నల్లగీత: రడ్డీ మార్ష్ స్కిమ్మర్ మగది. రెండోది గులాబీ కలిసిన ఎరుపు, రెక్కల ఈనెలు కూడా ఎర్రగా ఉన్నాయి, కాళ్లు నలుపు: క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్. మూడోది ఎత్తైన ఎండుపుల్ల కొసన కూర్చుంది, వెనక రెక్క మొదట్లో ముదురు మచ్చ, తోక చివరి ఖండాల పైన నల్ల మచ్చలు: గ్రేటర్ క్రిమ్సన్ గ్లైడర్. మగవాటికి రంగు సరిపోతుంది. ఆడవి మూడూ పసుపు గోధుమలే, అక్కడ రంగుని నమ్ముకుంటే మునిగినట్టే.

అందుకే ప్రతిదానికీ మూడు ఫొటోలు కావాలి. పైనుంచి ఒకటి, పక్కనుంచి రొమ్ము చారలు కనిపించేలా ఒకటి, తోక కొస దగ్గరగా ఒకటి. పెద్ద తూనీగ మగదానికి తోక కొసన పైన రెండు, కింద ఒకటి కొక్కేలుంటాయి. సన్న తూనీగ మగదానికి పైన రెండు, కింద రెండు. రంగు వెలిసినా ఆ ఆకారం మారదు. పక్కనుంచి తీస్తే రెండో ఖండం కింద ఉబ్బు కూడా కనిపిస్తుంది, అది మగవాటికే ఉంటుంది.

ఎండాడ_కెమెరా
సెట్టింగు కోసం: షట్టర్ 1/500కి తగ్గకుండా, ఎఫ్ 8, తూనీగ ఒంటికి సమాంతరంగా కెమెరా. ముందు దూరం నుంచి ఒకటి కొట్టి, తర్వాత అడుగులో సగం అడుగు వేస్తూ దగ్గరకి. ఎగిరిపోతే కదలకుండా నిలబడండి. పుల్ల మీద వాలే రకాలు చాలాసార్లు అదే పుల్ల మీదకి తిరిగి వస్తాయి. కామన్ క్లబ్‌టెయిల్ ఇందులో మరీ మొండిది. పసుపు నలుపు చారలు, కళ్లు ఒకదానికొకటి అంటుకోవు, తోక చివరికి దగ్గర్లో 8వ ఖండానికి రెండు వైపులా రేకులు.

మధ్యాహ్నం తోక నిటారుగా సూర్యుడి వైపు ఎత్తి నిలబడితే అది భంగిమ కాదండోయ్. ఎండ ఒంటికి తగిలే మేర తగ్గించుకోవడం.

లకుముకి
నీలం రంగువి కూడా అలాగే మోసం చేస్తాయి. నేల మీద వాలి, బూడిద నీలంగా, తోక సమానంగా సన్నబడుతూ పోతే గ్రౌండ్ స్కిమ్మర్. తోక మొదట లావుగా ఉబ్బి, సగం దాటాక ఉన్నట్టుండి సన్నబడితే ట్రంపెట్ టెయిల్. రెండోది మొక్కలు దట్టంగా ఉన్న నీటి అంచున, గడ్డిలో కిందుగా ఉంటుంది. అది ఉందంటే మీ అంచు ఇంకా బతికి ఉన్నట్టు.

పైపులైను
ఇక గట్టు సంగతికొద్దాం. నేను సివిల్ వైపు మనిషిని. రాతి కట్టడాన్ని మామూలుగా 1:1.5 వాలులో గీస్తారు. అంటే ఒక మీటరు లోతుకి మీటరున్నర వెడల్పు. నీటి మట్టం వానాకాలానికీ వేసవికీ 60 సెం.మీ. మారుతుందనుకుందాం. ఆ వాలు మీద తడిసి ఆరే పట్టీ అడ్డంగా 90 సెం.మీ. మాత్రమే, అది కూడా రాయి. అదే 1:6 వాలుకి 3.6 మీటర్ల పట్టీ వస్తుంది. మొక్కలు పట్టేది ఆ పట్టీలోనే.

"వాలు తగ్గిస్తే నీటి నిల్వ పోతుంది" అంటారు, తప్పకుండా అంటారు. లెక్క చూడండి. గట్టు లోపలికి వాలు మార్చినప్పుడు మీటరు పొడవుకి పోయే ఘనపరిమాణం సగం x 0.6 x (3.6 - 0.9) = 0.81 ఘనపు మీటర్లు. 150 మీటర్ల గట్టుకి సుమారు 121. ఎకరంన్నర అంటే దాదాపు 6,070 చదరపు మీటర్లు కాబట్టి ఇది మొత్తం మడుగు మీద 2 సెం.మీ. నీటితో సమానం. మధ్యలో 12 x 10 మీటర్ల గుంట ఒక మీటరు అదనంగా తవ్వితే లెక్క సరి. ఆ తవ్విన మట్టే వాలుకి పనికొస్తుంది, బయటినుంచి లారీలు రానక్కర్లేదు. అర్జీలో ఈ పేరా యథాతథంగా పెట్టుకోండి. మీ చోట మట్టం తేడా ఎంతో కొలిచి 0.6 స్థానంలో వేసుకోండి, వెడల్పులు కూడా దాన్నిబట్టి మారతాయి.

జమ్ముపొద
పైపులైను గారి మాటకి నా వంతు. చుట్టుకొలత అంతా అడగకండి, ఇవ్వరు. నడకదారి, తూము ఉన్న వైపు రాయికి వదిలెయ్యండి. మిగతా సగం మట్టివాలు. రాయి తప్పని చోట సిమెంటు పూయకుండా పొడిగా పేర్చమనండి. సందుల్లో మట్టి నింపి తుంగ దుంపలు గుచ్చితే రెండు వానాకాలాల్లో పట్టేస్తుంది. సిమెంటు పూస్తే గ్రానైట్ ఘోస్ట్ లాంటి ఒకటి రెండు తప్ప మిగతావాటికి ఎక్కడానికి కాడ ఉండదు, దాక్కోవడానికి బురద ఉండదు.

మొక్కలు కొనక్కర్లేదు, ఉన్నవాటినే సర్దాలి. జమ్ము చాలా దురాశ గలది. వదిలేస్తే నాలుగైదేళ్లలో లోతు లేని మడుగుని నింపేస్తుంది. మొత్తం పీకేస్తే ఆ ఏడాది కుబుసం కనపడదు. మూడు భాగాలు చేసి ఏటా ఒక భాగమే కొయ్యాలి. ఏప్రిల్ మే నెలల్లో, నీటి మట్టానికి జానెడు కిందికి. తర్వాత వాన నీరు కోత మీద నిలిస్తే దుంపకి గాలి అందక చచ్చిపోతుంది. నీటి పైన కోస్తే మాత్రం రెట్టింపు పిలకలేస్తుంది, ఇది అందరూ చేసే పనే. కోసిన మోపులని అప్పుడే లారీకి ఎత్తకుండా ఒక రోజు నీటి అంచునే పడెయ్యాలి. లోపలున్న లార్వాలు పాకి నీళ్లలోకి వెళ్లిపోతాయి. రెండు రోజులు మించి ఉంచితే కుళ్లి రసం మళ్లీ నీళ్లలోకే.

గుర్రపుడెక్క మాత్రం పూర్తిగా తియ్యాల్సిందే. అది నీటిని మూసేస్తే కింద వెలుగు లేక పునాచు లాంటి మునిగి పెరిగే మొక్కలు పోతాయి, ఆక్సిజన్ పడిపోతుంది, ఆడ తూనీగకి గుడ్లు ముంచడానికి నీటి జాడే కనపడదు. తీసేటప్పుడు వేళ్లలో చెయ్యి పెట్టి ఒకసారి తెల్ల ట్రేలో దులిపి చూడండి. మీ మడుగులో ఎవరున్నారో అక్కడే సగం తెలిసిపోతుంది. నేను కోరేది సుమారు సగం నీరు తెరిపి, మిగతా సగం కలువ, తుంగ, జమ్ము, పునాచు కలగలుపు.

గట్టు మీది గడ్డిని ఎవరూ పట్టించుకోరు. అప్పుడే రెక్కలొచ్చినవి నీటి మీద నిలవలేవు. గట్టు వెనక రెండు మూడు మీటర్ల గడ్డిలో దూరి ఒళ్లు గట్టిపరచుకుంటాయి. నడకదారికి అంచు దాకా బ్రష్ కటర్ తిప్పితే పిట్టలకి పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. నీటి అంచు నుంచి రెండు మీటర్లు మోకాలెత్తు గడ్డి వదలమనండి.

మధురవాడ_మడుగు
చెట్లు? ప్లానులో గట్టు చుట్టూ కానుగలు, బాదంలు ఉన్నాయి.

జమ్ముపొద
నీడ పూర్తిగా వద్దనను, పొద నీడ ఇష్టపడే సన్న తూనీగలున్నాయి. ఒకవైపు చాలు. మిగతా వైపుల చెట్లని నీటికి ఐదారు మీటర్లు వెనక్కి జరపాలి. బాదం ఆకు ఏడాదికి రెండుసార్లు మొత్తం రాలుతుంది, అదంతా నీటిలో కుళ్లుతుంది.

పైపులైను
ఇంకోటి మర్చిపోకండి, గెడ్డ దిగేచోట మట్టి గుంట. కంబాలకొండ వైపు ఖోండలైట్ అనే రాయి నుంచి వచ్చిన ఎర్ర నేల, లేఅవుట్ల కోసం గీకాక మొదటి వానకే నీరు ఎర్రగా దిగుతుంది. ఎరుపు తేరకపోతే పునాచు బతకదు. నీరు లోపలికి వచ్చేముందు 3 x 2 మీటర్లు, మీటరు లోతు గుంట, దానికి అడ్డంగా రాళ్ల కట్ట. మే నెలాఖరులో పూడిక తియ్యాలి. తియ్యకపోతే ఆ గుంట ఉన్నా లేనట్టే. నిర్వహణ పద్దులో ఇది రాయించండి, నిర్మాణ పద్దులో కాదు.

దోమలశాస్త్రం
గాంబూసియా మాట నేను చెబుతాను. ఈ చేప దోమ లార్వా ఒక్కటే తినదు. సన్న తూనీగల పిల్ల లార్వాలు, కప్ప చిరుపిల్లలు, ఇతర చేపల గుడ్లు, నోట్లో పట్టేదేదైనా తింటుంది. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కంటుంది కాబట్టి ఒకసారి వేశాక తీయడం మీ చేతిలో ఉండదు. వెయ్యాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: మూతలేని నూతులు, వాడకం లేని సిమెంటు తొట్లు, కట్టడాల సెల్లార్లలో నిలిచిన నీరు. మడుగులో పరిగెలు, మట్టగిడసలు ముందే ఉంటాయి. అవీ లార్వాలని తింటాయి, కానీ నీటిలో మొక్కలుంటే రెండువైపులా సర్దుబాటవుతుంది.

ఇక అసలు వాదన. డెంగీ దోమ ఈ మడుగులో పెరగదు. ఏడిస్ గుడ్లు పెట్టేది డ్రమ్ములు, పూలకుండీ పళ్లేలు, టైర్లు, కూలర్లలో. నగరాల్లో మలేరియా మోసే స్టెఫెన్సీ ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, నూతుల్లో. రాత్రి నిద్ర చెడగొట్టే క్యూలెక్స్ మురుగు కాలవల్లో. చేపలున్న, గాలికి అలలు లేచే, తూనీగ లార్వాలున్న తెరిపి నీరు దోమకి నచ్చే చోటు కాదు. దోమ దొరికే మూల ఒకటే, గుర్రపుడెక్క కింద మురుగు నిలిచిన చోటు.

అలాగని తూనీగలే దోమల్ని అంతం చేస్తాయని కూడా రాయకండి. కాలవలో పుట్టే దోమకి మడుగులో పెరిగే తూనీగ ఏం చేస్తుంది? తగ్గిస్తుంది, అంతే.

మందు చల్లే విషయం: టెమిఫాస్ అనే దోమ లార్వాల మందు కొట్టడం, నూనె పొయ్యడం మడుగులో వద్దని స్పష్టంగా రాయండి. టెమిఫాస్ దోమనీ తూనీగనీ వేరు చెయ్యదు. నూనె పొర పైకొచ్చి గాలి పీల్చే పురుగులన్నిటినీ ఊపిరాడక చంపుతుంది, రెక్కలు విప్పే తూనీగకి అంటుకుంటుంది. తప్పనిసరైతే బీటీఐ అనే బాక్టీరియా మందు. అది దోమ, దోమలా కనిపించే మిడ్జ్‌ల లాంటి నీటి ఈగల లార్వాల మీదే పనిచేస్తుంది. అయినా ఆ నీటి ఈగలు తూనీగ లార్వాకి తిండి కాబట్టి అది కూడా దోమ లార్వా కనిపించిన మూలకే, మడుగంతా కాదు.

ఎండాడ_కెమెరా
లైట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. సంధ్యవేళ ఎగిరే కోరల్ టెయిల్డ్ క్లౌడ్‌వింగ్ లాంటివి మసక వెలుతురులోనే వేటాడతాయి. స్తంభాలు నీటి వైపు వెలుగు చిమ్మకుండా తొడుగులు, 2700 కెల్విన్ పసుపు వెలుగు, రాత్రి పదికి ఆర్పెయ్యడం. చివరిది కరెంటు బిల్లు కూడా తగ్గిస్తుంది కాబట్టి తేలిగ్గా ఒప్పుకుంటారు.

మెరిసే నల్ల గ్రానైట్ బెంచీలు కూడా వద్దు. నునుపైన ముదురు పలకల మీద పడి తిరిగే వెలుగు నీటి మీది వెలుగులాగే ఒకే దిశలో కంపిస్తుంది. తూనీగ నీటిని గుర్తుపట్టేది అలాగే. నల్ల కారు బానెట్ మీద తోక ఆడిస్తూ గుడ్లు పెట్టేవి అందరం చూసినవే.

లకుముకి
అయితే ఇక్కడి ముడసర్లోవ జలాశయంలో నీటి మీద తేలే 2 మెగావాట్ల సోలార్ పలకలు?

గెడ్డవార
సూత్రం అదే. పలకలకి తెల్లటి అంచులు, గళ్లు ఉంటే ఆకర్షణ తగ్గుతుందని వేరే దేశాల్లో నీటి పురుగుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ముడసర్లోవ సంగతికి వేరే చర్చ తెరుద్దాం, ఇక్కడ కలిపితే ఈయన అర్జీ పక్కదారి పడుతుంది.

నిర్వాహకుడు
అవును, దయచేసి వేరే చర్చలో.

మధురవాడ_మడుగు
ఫౌంటెన్ అభ్యంతరమేనా? ఆక్సిజన్ పెరుగుతుంది అంటున్నారు.

పైపులైను
పెరుగుతుంది, అబద్ధం కాదు. కానీ అడుగున ఉన్న ఎర్ర బురదని పంపు పీల్చి పైకి చిమ్మితే నీరు ఎప్పటికీ తేరదు. కలువ ఆకు మీద నిత్యం నీరు పడితే ఆకు కుళ్లుతుంది. పెట్టి తీరతామంటే పంపుని అడుగు నుంచి అరమీటరు పైన, రాళ్ల కట్ట మీద, లోతైన గుంట దగ్గరే. రోజుకి సాయంత్రం గంటా రెండు గంటలు. ఆక్సిజన్ నిజంగా తగ్గేది తెల్లవారుజామున, కొలవాలంటే ఐదారు గంటలకి కొలవండి. మధ్యాహ్నం కొలిచిన అంకె ఎప్పుడూ బాగానే ఉంటుంది.

గెడ్డవార
పనులు ఎప్పుడన్నది కూడా రాయండి. వేసవిలో నీరు తగ్గి లార్వాలన్నీ మిగిలిన గుంటలో చేరతాయి, యంత్రం దిగేది కూడా సరిగ్గా అప్పుడే. ఈ ఏడాది సగం గట్టు, వచ్చే ఏడాది సగం. మధ్య గుంట నీరు తోడెయ్యకూడదు. ఈ రెండు షరతులు ఒప్పుకుంటే మిగిలినవి ఒకటి రెండు పోయినా మడుగు కోలుకుంటుంది. తూనీగలు ఎగిరి వస్తాయి, గుడ్లు పెట్టే చోటు ఉంటే చాలు.

ఇంకా వినాయక నిమజ్జనం, కార్తీకంలో వనభోజనాలు. దీపాల దొప్పలు, థర్మాకోల్ పళ్లేలు మీ కలువల మూలకే కొట్టుకొస్తాయి. గేటు దగ్గర బోర్డు కన్నా ఆ రెండు పండగలకీ కాపలా మనిషి మేలు.

మధురవాడ_మడుగు
అర్జీలో వరుస ఇలా పెడుతున్నా: సగం గట్టు 1:6 వాలు, లెక్కతో. మట్టి గుంట. గాంబూసియా, టెమిఫాస్ వద్దు, కారణాలతో. గడ్డి పట్టీ రెండు మీటర్లు. లైట్లు. రెండేళ్లలో పని. జతగా కుబుసాల పట్టిక. పట్టికకి ఎన్నిసార్లు వెతికితే చాలంటారు?

గెడ్డవార
గడువు ఉన్నంతలో వారానికొకసారి, ప్రతిసారీ అవే ముక్కలు, ఒక్కో ముక్కకి అంతే సమయం. దొరకని రోజు కూడా సున్నా అని రాయండి, గడి ఖాళీగా వదిలితే వెతకలేదనుకుంటారు. రాయి కట్టబోయే వైపు, మట్టి మిగిలే వైపు రెండిటికీ వేర్వేరు మొత్తాలు వెయ్యండి. ఇప్పటికే రాయి ఉన్న తూము దగ్గరి ముక్కని కూడా చేర్చండి. దాని అంకె పక్కన జమ్ము మూల అంకె పెడితే పోలిక మీరు చెప్పక్కర్లేదు.

ఎండాడ_కెమెరా
ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో (జీవుల పరిశీలనలు నమోదు చేసే సైటు) ఎక్కించేటప్పుడు కుబుసాన్ని విడి పరిశీలనగా పెట్టండి, ఎగిరే తూనీగ ఫొటోతో కలపొద్దు. కాడ మీద ఉండగా స్కేలు పక్కన పెట్టి ఒకటి, దవడ తొడుగు కనిపించేలా కింది నుంచి ఒకటి.

మధురవాడ_మడుగు
ఈ వారం అల్పపీడనం అంటున్నారు. ఆదివారం వెళ్లాలా ఆగాలా?

గెడ్డవార
ఆదివారం వెళ్లి నీటి మట్టం కొలిచి, మేకులు దిగ్గొట్టి రిబ్బన్లు కట్టి రండి. కుబుసాలకి బుధవారం వెళ్లండి, సోమ, మంగళవారాలు రెండూ పొడిగా ఉంటేనే.